బ్రేకు మాస్టారి కుడికాలు

బ్రేకు మాస్టారికి ఒక అసలు పేరుంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఇంట్లో ఆవిడ "ఏమండీ" అంటుంది, బయట జనం "బ్రేకు మాస్టారూ" అంటారు, ఆయన రెండింటికీ ఒకేలా పలుకుతారు. చేసే పని కారు నడపడం నేర్పించడం. డ్రైవింగు నేర్పే కార్లన్నిటికీ ఉన్నట్టే ఆయన కారుకి కూడా పక్క సీటు ముందు రెండో బ్రేకు ఒకటుంది. నేర్చుకునేవాడు గోడని గుద్దబోతే పక్కన కూర్చున్నవాడు తొక్కడానికి. మామూలుగా అది ఎప్పుడో ఒకసారి పనికొచ్చే వస్తువు. మన మాస్టారి కారులో మాత్రం దాని రబ్బరు అరిగి అరిగి ఎన్నిసార్లు మార్పించారో లెక్కలేదు. డ్రైవరు వైపు బ్రేకు రబ్బరేమో కొన్ననాటి మెరుపుతో అలాగే ఉంది. ఈ సంగతి మెకానిక్కు ఒక్కడే గమనించాడు. అతను కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఇరవై ఏళ్లకి పైగా పక్క సీట్లో కూర్చున్నారాయన. ఒక్క యాక్సిడెంటు లేదు, బంపరు మీద గీత కూడా లేదు. దాని గురించి ఆయనకి గర్వం ఉంది, ఉండదా మరి. కాకపోతే ఆయన డ్యూటీ దిగినా ఆ కుడికాలు దిగదు. బస్సెక్కితే ముందు సీటు కింద తొక్కుతుంది. సినిమాలో ఎవడో కారు వేగంగా తోలితే హాల్లో తొక్కుతుంది. భార్య నడిపే స్కూటరు వెనక కూర్చుంటే ఇక చెప్పక్కర్లేదు. ఒకరోజు ఆవిడ నడిబజార్లో బండి ఆపి, ఇంకో వీధి దాకా తొక్కారంటే నా ఫుట్‌రెస్టు ఊడి చేతికొస్తుంది, దిగి నడిచి రండి అని చెప్పి వెళ్ళిపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది జీతంతో వచ్చిన బుద్ధి, అయినా పోలేదు.

కొత్తవాళ్ళకి రివర్సు నేర్పడానికి ఆయన సముద్రం పక్కనున్న పార్కింగు మైదానానికి తీసుకెళ్తారు. పొద్దున్న పూట అది ఎంత ఖాళీగా ఉంటుందంటే, గుద్దాలన్నా అక్కడ ఒక్క స్తంభం దొరకదు. గాలి బాగున్న రోజుల్లో నీళ్ళ మీద కైట్ సర్ఫింగు జరుగుతుంది. గదంత గాలిపటం పైన, దాని తాళ్ళు కింద మనిషి నడుముకి కట్టిన పట్టీకి, మనిషి కాళ్ళ కింద ఒక పలక. గాలి లాగుతుంది, మనిషి నీళ్ళ మీద జారుకుంటూ పోతాడు. మాస్టారు దాన్ని రోజూ చూసేవారు గానీ, చూసేవారంతే. ఒక ఉదయం పసుపు హెల్మెట్టు పెట్టుకున్న ఒకమ్మాయి అలల మీద దూసుకొచ్చి, ఒడ్డు దగ్గర వయ్యారంగా ఆగి, హెల్మెట్టు తీసింది. మాస్టారు నోరు తెరిచారు. ఆ పిల్ల ఆయన పాత శిష్యురాలు.

మామూలు శిష్యురాలు కాదు, ఆయన చూసినవాళ్ళలోకెల్లా పిరికిది. ఆ అమ్మాయి పట్టుకుంటే స్టీరింగు చెమటతో తడిసిపోయేది. హారను తనే కొట్టి తనే ఉలిక్కిపడేది. అలాంటిది ఇప్పుడు అక్కడ నలుగురికి సర్ఫింగు నేర్పుతోందట. మాస్టారి ఛాతీ పొంగింది. ఇదంతా మన చలవే, భయం పోగొట్టి పంపింది మనమే అనుకున్నారు. ఆ పొంగుతోనే వెళ్ళి పలకరించారు, ఆ అమ్మాయి సంతోషంగా కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మాటా మాటా కలిసి, వారం తిరిగేసరికి ఆయన కూడా ఒక హెల్మెట్టు తలకి బిగించుకున్నారు. ఈ వయసులో నీళ్ళ మీద పల్టీలేమిటండీ అని భార్య రెండు రోజులు సణిగింది. మూడో రోజు తనే వెళ్ళి మంచి మందపాటి తువ్వాలు కొనుక్కొచ్చింది.

ఆయన కోరిక చిన్నదే. ఒంటరిగా నీళ్ళ మీదికి వెళ్ళాలి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, ఆ కాసేపూ పక్కన ఎవరూ ఉండకూడదు. పగలంతా ఇంకొకరి భయం పక్కన కూర్చుని కూర్చుని ఉన్న మనిషికి అంతకంటే పెద్ద కోరిక ఏముంటుంది. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు గానీ, ఆయనకి అది ప్రాణంలా పట్టుకుంది.

మొదటిరోజు అమ్మాయి ఆయన్ని నీళ్ళ దగ్గరికే రానివ్వలేదు. ఒడ్డున నిలబెట్టి గాలి ఎటునుంచి వస్తోందో చెప్పమంది. నేల మీంచి సముద్రంలోకి వీచే గాలిలో నీళ్ళు అద్దంలా కనబడతాయట, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందట, కొత్తవాడు ఆ రోజు దిగితే వెనక్కి రాడట. ఎదురుగా ఒడ్డు మీదికి కొట్టే గాలి మనిషిని తెచ్చి ఇసుక మీద విసిరేస్తుందట. పక్కగా వీచే గాలి ఒక్కటే చుట్టం. రెండోరోజు ఎర్ర మీట. గాలిపటాన్ని తిప్పడానికి పట్టుకునే చేతికర్ర మీద ఉండే ఆ మీటని ముందుకి తోస్తే గాలిపటం ఉసూరుమని పడిపోతుంది. కళ్ళు మూసుకుని, నీళ్ళలో మునిగి, ఎడమ చేత్తో, కుడిచేత్తో, ఎలా అడిగినా దాన్ని తోసేదాకా ఆయన్ని వదల్లేదు. కంగారు పుడితే ఎవరైనా కర్రని దగ్గరికి లాక్కుంటారు, లాక్కుంటే గాలిపటానికి ఇంకా బలం వస్తుంది, కాబట్టి కంగారు పుడితే కర్ర వదలాలి. తాళ్ళని ఉత్త చేత్తో పట్టుకోకూడదు, వేళ్ళు తెగుతాయి. గాలిపటం దింపాలనుకుంటే అరచేత్తో నెత్తి మీద తట్టుకోవాలి, ఒడ్డున ఉన్నవాళ్ళు వచ్చి పట్టుకుంటారు.

ఈ కచ్చితత్వం మాస్టారికి తెగ నచ్చింది. చెప్పిందంతా ఇట్టే ఒంటబట్టించుకున్నారు. అంతటితో ఆగితే బాగుండేది. తన పాఠం అయ్యాక ఇసుకలో నిలబడి పక్కవాళ్ళకి కూడా పాఠం చెప్పడం మొదలెట్టారు. అమ్మాయి రెండుసార్లు ఊరుకుంది, మూడోసారి నవ్వుతూనే, మాస్టారూ, ఇక్కడ మీరు స్టూడెంటు అని గుర్తుచేసింది. ఆయన చెంపలు వేసుకున్నారు. మర్నాడు మళ్ళీ చెప్పారు.

అసలు చిక్కు పలక మీద నిలబడటం వచ్చాక మొదలైంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే అక్కడ గాలి ఎడమవైపు నుంచి వీస్తుంది. సముద్రంలోకి వెళ్ళేటప్పుడు ఎడమకాలు ముందుంటుంది, ఒడ్డుకి వచ్చేటప్పుడు కుడికాలు ముందుంటుంది. మాస్టారు వెళ్ళడం రాజులా వెళ్ళేవారు. రావడానికి తిరిగేవారు, కాస్త వేగం అందుకునేది, అంతే, పలక ముక్కు నీళ్ళలో దిగబడి ఆయన తలకిందులయ్యేవారు. ప్రతిసారీ అంతే. పద్మవ్యూహంలోకి దూరడం తెలుసు, బయటికి రావడం తెలీదు. పడి, కొట్టుకుపోయి, ఎక్కడో తేలి, పలక చంకన పెట్టుకుని ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చేవారు. ఒడ్డున కూర్చున్నవాళ్ళకి ఆ ఊరేగింపు రోజూ మంచి కాలక్షేపం.

అమ్మాయి నియమం ఒకటుంది. వెళ్ళి, బయల్దేరిన చోటికి తిరిగి రాగలిగినవాళ్ళనే ఒంటరిగా పంపిస్తుంది. అప్పటిదాకా నడుములోతు నీళ్ళు దాటనివ్వదు, తను రబ్బరు బోటులో పక్కనే వస్తుంది. మాస్టారు ఎటు వెళ్ళినా పక్కన ఆ బోటు బుడబుడమంటూనే ఉండేది. పైగా గాలుల కాలం చివరికొచ్చేసింది. ఇంకొన్నాళ్ళు పోతే గాలిపటాలన్నీ మడతపెట్టి అటక మీద పెట్టేస్తారు. ఈ ఏడాది దక్కకపోతే మళ్ళీ ఏడాదికి మోకాళ్ళు ఏమంటాయో ఎవరికి తెలుసు. నాకిక రాదేమో అన్న బెంగ ఆయనకి మొదటిసారి పట్టుకుంది. అన్నం తింటూ తింటూ ఆగిపోయేవారు.

ఒకరోజు అమ్మాయి ఆయన్ని నీళ్ళలోంచి బయటికి పిలిచింది. పలక పక్కన పెట్టించి, ఒట్టికాళ్ళతో తడి ఇసుకలో నిలబెట్టి, చేతులు ముందుకి చాపి కళ్ళు మూసుకోమంది. తను చెప్తూ పోయింది. తిరిగారు, గాలిపటం పైన ఉంది, కుడికాలు ముందుంది, ఒడ్డు కనబడుతోంది, వేగం పెరుగుతోంది, ఇంకా పెరుగుతోంది. ఇక చాలు కళ్ళు తెరవండి అంది. మాస్టారు తెరిచి కిందికి చూశారు. కుడికాలి వేళ్ళ కింద ఇసుకలో గుంట పడి ఉంది. ఎడమకాలి కింద ఏమీ లేదు.

అమ్మాయికి నవ్వాగలేదు. కాసేపటికి ఆ నవ్వు దానంతటదే పోయింది.

"ఈ కాలు నాకు తెలుసు మాస్టారూ," అంది. "పలక మీద బరువు మడమల మీదుండాలి. వేగం రాగానే మీరు వేళ్ళతో తొక్కుతున్నారు. బ్రేకు తొక్కుతున్నారు."

మాస్టారు నవ్వేశారు. అలవాటమ్మా, ఆ కాలు వల్లే కదా ఇన్నేళ్ళూ ఎవరికీ దెబ్బ తగల్లేదు, నువ్వు కూడా భయం లేకుండా నేర్చుకున్నావు అన్నారు. ఇప్పుడు హాయిగా కారు నడుపుకుంటున్నావు కదా అని కూడా అన్నారు.

"నేను కారు నడపను మాస్టారూ."

"అదేంటి, లైసెన్సు వచ్చిందిగా?"

"వచ్చింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా నడపలేదు. మీ పక్కన ఉన్నన్నాళ్ళూ నేను రోడ్డు కంటే మీ కాలే ఎక్కువ చూశాను. నేను తొక్కుదామనుకునేలోపే మీరు తొక్కేసేవారు. బండి ఆగేది. ఆపింది నేనో మీరో నాకెప్పుడూ తెలిసేది కాదు. పరీక్షరోజు ఆఫీసరు మీ సీట్లో కూర్చున్నాడు కాబట్టి ఆయనకీ ఒక కాలుంటుందిలే అని ధైర్యంగా నడిపేశాను. ఇంటికెళ్ళి మా అన్నయ్య కారులో కూర్చుంటే పక్కన ఏ కాలూ లేదు. తాళం తిప్పలేకపోయాను."

రోజూ ఆ అమ్మాయి భుజాన సంచీతో బస్సు దిగడం మాస్టారు చూస్తూనే ఉన్నారు. పెట్రోలు ఆదా చేస్తోంది, బుద్ధిమంతురాలు అనుకున్నారు.

ఆయనకి ముందు కోపం వచ్చింది. నిన్నగాక మొన్న గేరు మార్చడం నేర్పితే, నాకే వంకలు పెడుతుందా అనుకున్నారు. ఇంటికెళ్ళేదాకా ఆ కోపాన్ని జాగ్రత్తగా మోసుకెళ్ళారు. తడి తువ్వాలు ఆరేస్తున్న భార్యకి మొత్తం చెప్పి, చూశావా ఎంత మాటందో అన్నారు. భార్య క్లిప్పులు పెట్టడం ఆపలేదు. అప్పుడాయన గొంతు తగ్గించి, నేను పక్కన కూర్చుంటే నీకెలా ఉంటుంది అని అడిగారు.

"ధైర్యంగా ఉంటుందండీ," అందావిడ. "నేను నడుపుతున్నట్టు మాత్రం ఉండదు."

దాంతో కోపం దిగిపోయింది. మిగిలింది సిగ్గు. తన దగ్గర నేర్చుకుని వెళ్ళినవాళ్ళలో ఎంతమందిని రోడ్డు మీద స్టీరింగు పట్టుకుని చూశాను అని ఆలోచించారు. కొందరు గుర్తొచ్చారు. గుర్తురానివాళ్ళే ఎక్కువ. వాళ్ళంతా బస్సుల్లో తిరుగుతున్నారేమో, వాళ్ళని బస్సెక్కించింది తన కాలేనేమో అనిపించి, మనసుకి నిజంగా కష్టం కలిగింది. మంచివాడికి తన మంచి వల్లే ఒకరికి నష్టం జరిగిందని తెలిస్తే ఆ బాధకి మందు లేదు.

మర్నాడు కారులో రెండు కాళ్ళూ సీటు కిందికి మడుచుకుని కూర్చున్నారు. పిల్లి అడ్డమొచ్చింది. ఎప్పుడు వచ్చిందో తెలీదు, కాలు వచ్చి తొక్కేసింది. నేర్చుకుంటున్న కుర్రవాడు థాంక్సు సార్ అన్నాడు. ఆ థాంక్సు మాస్టారికి చెంపదెబ్బలా తగిలింది.

సాయంత్రం ఆయన అమ్మాయి దగ్గరికి వెళ్ళి, దీనికి మందు చెప్పు అన్నారు. అమ్మాయి బాగా ఆలోచించే చెప్పింది. తొక్కొద్దంటే ఆ కాలు వినదు మాస్టారూ, దానికి ఇంకో పని చెప్పండి. వేగం అనిపించగానే బొటనవేలు పైకెత్తండి. వేలు లేస్తే బరువు దానంతటదే మడమ మీదికి వెళ్తుంది, మడమ నొక్కితే పలక నెమ్మదిస్తుంది, చేతికర్ర కాస్త ముందుకి వదిలితే ఇంకా నెమ్మదిస్తుంది. బ్రేకు ఇక్కడా ఉంది, మీరు వెతుకుతున్న చోట లేదంతే.

ఆ రోజు నుంచి ఆయన ఎక్కడున్నా బొటనవేలు ఎత్తడమే పని. కారులో, బస్సులో, స్కూటరు వెనక, భోజనాల బల్ల కింద. చెప్పులోంచి వేలు లేచి లేచి పడుతుంటే, కారు నేర్చుకుంటున్న ఒకావిడ తిమ్మిరెక్కిందా మాస్టారూ అని జాలిపడింది. ఆవిడ మలుపు దగ్గర తడబడింది. వేలు లేచింది, కాలు కదల్లేదు, ఆవిడే బ్రేకు తొక్కింది. బండి కాస్త కుదుపుతో ఆగింది. నేనే ఆపానా అని ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. మాస్టారు ఔనన్నట్టు తలూపారు.

నీళ్ళలో కూడా పడటం తగ్గింది. నడుములోతులో పోయి రావడం, ఒకసారి పడితే రెండుసార్లు నిలబడటం. అలా అలా ఒక ఉదయం గాలి పక్క నుంచి నిలకడగా వీస్తోంది. అమ్మాయి ఇసుక చల్లి గాలి చూసింది, తాళ్ళు ఒక్కొక్కటీ లాగి చూసింది, గాలి దిగువన ఎవరూ లేరని చూసింది. తర్వాత బోటు తాడుని ఒడ్డునే ఒక మేకుకి చుట్టి, వెళ్ళిరండి మాస్టారూ అంది. సాయం కావాలంటే రెండు చేతులూ ఊపమంది. ఊపితే వస్తానంది, ఊపకపోతే రానంది.

మాస్టారు వెళ్ళారు. ఎడమకాలు ముందుకి పెట్టి, ఎప్పటిలాగే రాజులా. పక్కన బుడబుడలు లేవు. గాలి చప్పుడు, పలక కింద నీళ్ళ చప్పుడు, అంతే. ఇన్నేళ్ళలో ఇంత నిశ్శబ్దంగా ఎక్కడికీ వెళ్ళలేదనిపించి ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఆ మైమరపులో తిరగడం కాస్త ఆలస్యం చేశారు. గాలిపటం వంకర తిరిగి, నీళ్ళ మీద చతికిలబడింది. ఆయనా పడ్డారు. కాళ్ళకి నేల అందలేదు.

ఒంటి మీదున్న లైఫ్ జాకెట్టు ఆయన్ని తేల్చింది. ఆయన ఒడ్డు వైపు చూశారు. అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడి ఉంది, కదల్లేదు. ఒక్క క్షణం ఒళ్ళు మండింది. మనిషి ఇక్కడ పడి ఉంటే చూస్తూ నిలబడటమేంటి, తనైతే ఈపాటికి తొక్కేసి ఉండేవారు. అంతలోనే ఆయనకి అర్థమైంది, తనకి ఇన్నేళ్ళూ చేతకానిది ఆ పిల్ల ఇప్పుడు చేస్తోందని. చేతులు ఊపలేదు. కర్ర వదిలారు. తాళ్ళేవీ కాళ్ళకి చుట్టుకోలేదని చూసుకున్నారు. ఎర్ర మీట ఎక్కడుందో తడిమి పెట్టుకున్నారు. అప్పుడు ఒక పక్క తాడుని మెల్లగా లాగుతూ ఓపిక పట్టారు. గాలిపటం ముసలి గేదెలా నీళ్ళలో పక్కకి జరిగి, జరిగి, ఒక అంచు ఎత్తి, గాలి తాగి లేచింది.

పలక కాళ్ళకి తగిలించుకుని, కుడికాలు ముందుకి పెట్టారు. వేగం వచ్చింది. ఒడ్డు మీద మనుషులు పెద్దవాళ్ళవుతున్నారు. ఇంకా వేగం వచ్చింది. బొటనవేలు లేచింది. మడమ కింద పలక నీళ్ళని కోస్తూ నిలబడింది, ఆయన దాని మీద నిలబడ్డారు, బయల్దేరిన చోటికే వచ్చారు. వచ్చి అరచేత్తో నెత్తి మీద తట్టుకున్నారు. అమ్మాయి నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చి గాలిపటాన్ని పట్టుకుంది. దాన్ని ఇసుక మీద బోర్లా పెట్టి ఆయన వైపు తిరిగింది.

"రాకుండా ఆగడానికి ప్రాణం పోయింది మాస్టారూ," అంది.

ఆ కష్టమేంటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు, అవసరమైనదానికంటే ఎక్కువసేపే తుడుచుకున్నారు. తర్వాత బ్యాగులోంచి కారు తాళాలు తీసి ఆ అమ్మాయి ముందు పెట్టారు. ఇవాళ బస్సు వద్దు, నన్ను ఇంటి దగ్గర దింపు అన్నారు. అమ్మాయి మొహం పాలిపోయింది. మీరు పక్కన కూర్చుంటారా అని అడిగింది. లేదమ్మా, వెనక కూర్చుంటాను అన్నారు.

అమ్మాయి చాలాసేపు తాళాల వైపు చూసి, చివరికి తీసుకుంది. ఖాళీ మైదానంలో కారు చుట్టూ చుట్టూ తిప్పింది. చేతికి పట్టు దొరికాక రోడ్డెక్కింది. సముద్రం పక్క రోడ్డు మీద మెల్లగా, బళ్ళన్నీ దాటిపోతుంటే దాటిపోనిస్తూ వెళ్ళింది. పెద్ద కూడలి దగ్గర పచ్చలైటు పడేసరికి ఇంజను ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. బొటనవేలు చెప్పులోంచి లేచే ఉంది. అమ్మాయి తాళం తిప్పింది, మళ్ళీ తిప్పింది, గేరు వేసింది, కూడలి దాటింది.

దాటాక చాలాదూరం కారులో మాట లేదు. అమ్మాయి అద్దంలో వెనక్కి చూడటానికి కూడా భయపడి, ముందుకే చూస్తూ అడిగింది.

"మాస్టారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

"మరేమీ మాట్లాడరేం?"

"నువ్వు నడుపుతున్నావు కదా," అన్నారు మాస్టారు.